చంద్రిక అడిగిన దేశం

నవంబర్ 14, శుక్రవారం

సోమవారం పొద్దున సంజాయిషీ ఇవ్వాలి. ఆ కాగితంలో ఏం రాసినా నా ఉద్యోగమో చంద్రిక చదువో, ఏదో ఒకటి పోయేట్టుంది. అందుకే ముందు ఇక్కడ జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నా. ఇది ఎవరికీ చూపించేది కాదు.

నిన్న సెకండియర్ సివిక్స్‌లో డిబేట్ పెట్టినా. టాపిక్ నాదే. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోయి వేరే దేశం కావాలా, కలిసే ఉండాలా? ఫెడరల్, యూనిటరీ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలు బట్టీ పడతారే గాని బుర్రకెక్కదు. చీటీలు వేసి పక్కలు పంచినా. చంద్రికకు ‘విడిపోవాలి’ వచ్చింది. మేడం, నాకు కలిసుండాలనే ఉంది, మార్చండి అని బతిమాలింది. కుదరదన్నా. నువ్వు నమ్మని మాటను నమ్మినట్టు మాట్లాడి చూడు, అవతలివాళ్ళ బాధ అప్పుడు తెలుస్తుంది అని నేనే చెప్పినా.

ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల. బల్ల గుద్ది మాట్లాడింది. మా గురించి యాడనో దూరంగా కూర్చున్నోళ్ళు తీర్మానాలు చేస్తాండారు, మా నీళ్ళు మావి, మా భూములు మావి, మూడు వందల ఏండ్లు ఓపిక పట్టినాం, ఇంక చాలు, మాకు మా దేశం కావాల అనింది. క్లాసంతా ఈలలు. ఎవరో ఫోన్లో తీసినారు. సరిగ్గా ఈ ముక్కే. ముందు లేదు, వెనక లేదు. స్కాట్లాండ్ అనే మాట అందులో ఒక్కసారి కూడా రాదు.

సాయంత్రానికి ఆ వీడియో మండలంలో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పోయింది. పైన ఎవరో రాసినారు, కాలేజీలో దేశాన్ని చీల్చే పాఠాలు అని.

ఈ పొద్దు హనుమంతరాయుడు సార్ రూముకు పిలిచి తలుపు వేసినాడు. మా ప్రిన్సిపాల్. చెడ్డవాడు కాదు. మార్చిలో రిటైర్‌మెంట్. ఒక లీడర్ ఫోన్ చేసినాడంట, బుధవారం పేరెంట్స్ మీటింగ్‌కు తానే వస్తాడంట. అమ్మా హేమావతీ, నీది గెస్ట్ పోస్టు, ఒక్క ఫోనుతో పోతాది, టాపిక్ నేనివ్వలేదు, ఆ పిల్ల సొంతంగా మాట్లాడింది అని రెండు లైన్లు రాసియ్యి, పిల్లను ఒక వారం ఇంట్లో ఉండమందాం, అంతటితో సల్లారుతాది అన్నాడు.

సార్‌కు అది ఒక్క వారమే. చంద్రిక నాయన బెంగళూరులో కట్టడం పనికి పోయినాడు. ఇంట్లో అవ్వ, తాత. వారం ఇంట్లో కనిపిస్తే ఆ పిల్ల మళ్ళీ బస్సు ఎక్కదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. టెన్త్‌లో జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే, తగ్గినాక ఎట్లాగూ ఇంట్లోనే ఉంది కదా అని శెనక్కాయలు ఒలిచేదానికి కూర్చోబెట్టినారు. మళ్ళీ బడి మొగం చూసేసరికి పండగలు దాటినాయి.

నవంబర్ 15, శనివారం

చంద్రిక రాలేదు.

సాయంత్రం పెనుకొండ బస్సులో కండక్టర్ నన్ను చూసి, ఏం మేడం, మనకు వేరే రాష్ట్రం ఇప్పిస్తాండారంట, రాజధాని మా ఊర్లో పెట్టియ్యండి, దండిగా స్థలముండాది అన్నాడు. వెనక సీట్లో ఒకాయన, రాష్ట్రం కాదప్పా, దేశమంట, ఇంక పాస్‌పోర్టు ఉంటేనే బెంగళూరుకు పోయేది అని నవ్వినాడు. కిటికీ పక్క పెద్దమనిషికి కోపమొచ్చింది. సీమ వేరే కావాల్సిందే, ఆ పాప చెప్పినదాంట్లో తప్పేముండాది అని లేచి నిలబడినాడు. వేరే అయితే జీతాలు నువ్విస్తావా అని ఇంకొకరు. పెనుకొండ వచ్చేదాకా కొట్లాడినారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంట్లో అమ్మకు వీడియో చూపించినా. రెండుసార్లు పెట్టించుకుని చూసింది. పిల్ల భలే మాట్లాడతాందే, ఎవరి మీద కోపం అని అడిగింది. అంతా చెప్పినా. సార్ చెప్పినట్టే రాసియ్యి, నువ్వే పోతే ఆ పిల్లకైనా ఇంకొక పిల్లకైనా చదువు చెప్పేదెవరు అనింది.

అదీ నిజమే అనిపించింది.

నవంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం

సార్ చెప్పిన రెండు లైన్లు రాసి చూసినా. చేతిరాత నాదే. చదువుకుంటే వేరే ఎవరో రాసినట్టుంది. చించేసినా.

మనసు నిలవక డిబేట్ నోట్సు తీసినా. రెండు పక్కలూ మళ్ళీ చదివినా. కలిసుండాలనేవాళ్ళు చెప్పేది ఒట్టి మాట కాదు. ఒకటే డబ్బు, ఒకటే పింఛను, హద్దులో గేటు లేదు, ఇటు పిల్లను అటు ఇస్తారు, అటు ఉద్యోగానికి ఇటువాళ్ళు పోతారు. చీలిస్తే ఎన్ని ఇళ్ళు చీలతాయో. 2014లో ఓటు పెడితే నూటికి యాభై అయిదు మంది కలిసే ఉందామన్నారు. అయిపోయింది అనుకుంటే, రెండేళ్ళకు బ్రిటన్ మొత్తం ఓటేసి యూరప్ యూనియన్ నుంచి బయటికి రావాలని తేల్చింది. స్కాట్లాండ్‌లో ఎక్కువమంది వద్దన్నారు. అయినా వాళ్ళూ రావాల్సి వచ్చింది. మా మాటకు విలువ యాడుంది అని అడిగితే ఏం చెప్పాలి? నాకు ఇప్పటికీ నా పక్క ఏదో తెలీదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి.

ఒకటి మాత్రం తెలిసింది. దేశం ఉండాలా చీలాలా అనే ప్రశ్నను వాళ్ళు అందరినీ నిలబెట్టి అడిగినారు. అడిగినందుకు ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టలేదు.

చంద్రికకు ఫోన్ చేసినా. వాళ్ళ తాత అంజినప్ప ఎత్తినాడు. ఎవురూ, ఆ మేడమా, పిల్ల ఏడ్చి ఏడ్చి ఇప్పుడే సంగటి తింటాంది, ఫోన్ ఇయ్యను, బుధవారం నేనే వస్తా, మీ సార్‌ను అడిగేది ఉండాది అని పెట్టేసినాడు.

నవంబర్ 17, సోమవారం

ఇచ్చేసినా. టాపిక్ నాది, చీటీలు నావి, ఆ మాటలు నేను అప్పజెప్పిన పని అని రాసినా. సార్ చదివి, ఇంక నా చేతుల్లో లేదమ్మా అన్నాడు.

నవంబర్ 19, బుధవారం

నవ్వాలో ఏడవాలో తెలీని రోజు. వరసగా రాస్తా.

హాలు నిండిపోయింది. ఫోన్ చేసిన లీడర్ నలుగురిని వెంటేసుకుని వచ్చినాడు. అంజినప్ప తాత చంద్రికను పక్కన కూర్చోబెట్టుకుని ముందు వరసలో ఉన్నాడు. లీడర్ లేచి, పిల్లోళ్ళకు దేశాన్ని ముక్కలు చెయ్యమని చెప్పేది ఏం సదువు సార్ అని మొదలుపెట్టినాడు. బస్సులో చూసిన పెద్దమనిషి కూడా వచ్చినాడు. ఆయన అడ్డం లేచి, సీమకు అన్యాయం జరిగిందని పాప చెప్తే నీకెందుకప్పా మంట అన్నాడు. అంతే, హాలు రెండుగా చీలింది. సార్ బల్ల తడుతూ కూర్చోండి కూర్చోండి అంటాడు, వినేవాళ్ళు లేరు.

డిబేట్‌కు వాడిన బ్రిటన్ మ్యాపు తీసుకుపోయి గోడకు తగిలించినా. ఆ పాప మాట్లాడింది మన గురించి కాదు, ఇదిగో ఈ దేశం గురించి అని గట్టిగా అరిచినా. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలీదు.

అంజినప్ప తాత లేచి మ్యాపు దగ్గరికి వచ్చినాడు. ఆడ బోర్లు ఎన్ని అడుగులు పడతాయి మేడం అని అడిగినాడు. అక్కడ బోర్లతో పని తక్కువ తాతా, వాన పడుతుంది అన్నా. ఎన్నాళ్ళకొకసారి అన్నాడు. కొన్నిచోట్ల ఇంచుమించు రోజూ అన్నా.

లీడర్‌తో వచ్చిన నలుగురూ మ్యాపు వైపే చూస్తాండారు.

రోజూ వాన పడతాంటే ఇంకేం రోగమప్పా వాళ్ళకు, ఎందుకు విడిపోవల్ల అన్నాడు తాత. అందరూ ఒక్కసారిగా నవ్వినారు. పెద్దమనిషి ఊరుకుంటాడా, అదే కదన్నా, వాన సొంతంగా ఉన్నోడు ఇంకొకరి మాట ఎందుకు వినల్ల, విడిపోవాల్సిందే అన్నాడు. లీడర్ తాను ఎందుకు వచ్చినాడో మరిచిపోయినాడు. వానొకటి ఉంటే సాలునా, దుడ్లు ఎవరు అచ్చు కొట్టల్ల, ముసిలోళ్ళకు పింఛను ఎవరియ్యల్ల, కలిసే ఉండల్ల అని ఆయన కూడా చేయి ఊపి వాదించినాడు.

పింఛను మాట వినగానే చంద్రిక లేచింది. సముద్రంలో చమురు ఉంది సార్, దాని మీద వచ్చే పన్నుతో ఇస్తారు అనింది. చమురు అయిపోతే అన్నాడు లీడర్. గాలిమరలు ఉండాయి సార్, మన రామగిరి కొండల మీద ఉండే మాదిరివే అనింది. ఆయన తన నలుగురి వైపు తిరిగి, ఈ పిల్లతో కష్టమప్పా అన్నాడు. అప్పుడు చంద్రిక మెల్లగా, నిజానికి నాకు కలిసుండాలనే ఉంది సార్, చీటీలో అట్ల వచ్చింది అనింది. మరి అంత గట్టిగా అరిస్తివి కదమ్మా అన్నాడాయన. ఇంట్లో కూడా ఇంతే సామీ, ఏ పక్క పట్టినా నన్ను గెలవనీదు అన్నాడు తాత.

సార్‌ను అడిగేది ఉందన్నాడు కదా, అదేమిటో చివర్లో అడిగినాడు. రేపటినుంచి పిల్లను పంపొచ్చునా?

పంపు, పంపు అన్నాడు సార్. లీడర్ టీ తాగి, ఈసారి పెట్టినప్పుడు నాకూ ఒక మాట చెప్పండి మేడం అని పోయినాడు. సార్ ఖాళీ గ్లాసును నా సంజాయిషీ మీద పెట్టినాడు. నువ్వూ రామ్మా, యథాప్రకారం అన్నాడు.

బస్సులో సీటు దొరికినాక గాని ఊపిరి పూర్తిగా వదల్లేదు. ఆరు రోజుల ఊపిరి.

నవంబర్ 20, గురువారం

చంద్రిక వచ్చింది.

నవంబర్ 23, ఆదివారం

రేపు ఈ ఉత్తరం చంద్రిక చేతికి ఇచ్చి, ఇంట్లో చదివి వినిపించమనాలి:

అంజినప్ప తాతకు, నమస్కారం. డిసెంబర్ డిబేట్‌లో మీరూ మాట్లాడతామన్నారని తెలిసింది. సంతోషం. ఈసారి టాపిక్ సీమ వేరే రాష్ట్రం కావాలా, ఆంధ్రాలోనే ఉండాలా అని. సార్ ఒప్పుకున్నారు. హాలు తలుపులు తీసే పెడతాం. రెండు పక్కలా నేనే మాట్లాడతా అన్నారంట, అది కుదరదు. లీడర్ గారు కూడా అదే అడిగినారు, ఆయనకూ కుదరదని చెప్పినా. మీది ఏ పక్కో ఇరవై ఎనిమిదో తేదీ, శుక్రవారం లోపల చెప్పి పంపండి.