స్థలం ఎక్కడ, గొడవ ఏమిటి

చిట్కుల్,
సోమవారం.

అయిదో తరగతి తెలుగు చెప్పే నాగరత్నం టీచరమ్మకు కిష్టప్ప దండాలు వెట్టి రాసేది. మేము బాగున్నం. మీరు ఎట్లున్నరో, ఎవరి తరఫున ఉన్నరో తెల్వక ఈ ఉత్తరం రాస్తున్న.

నేను హర్షిణి తాతను. కొడుకు, కోడలు కాజీపల్లిల మందుల కంపెనీకి పోతరు, పోరి చదువు చూసుకునేది నేనే. ఫోన్ చేద్దునుగని, ఫోన్ల మాట్లాడితే రికార్డు అయితదని మా వకీలు చెప్పిండు. అందుకే రాసి, కవరు అన్నం మెతుకులతోని అతికించి, పోరి సంచిల వెట్టిన. ఎవరన్న ఇప్పినట్టు కనవడితే చెప్పుండ్రి.

మొన్న దాని నోట్‌బుక్కు చూసిన. మీరు రాసుకరమ్మన్నరట: "పెద్దలను అడిగి ఒక కథ రాయండి. స్థలం ఎక్కడ? కాలం ఏది? పాత్రలు ఎవరు? గొడవ ఏమిటి? చివరికి ఎలా తేలింది?" కింద "కథకు ప్లాటే ప్రాణం" అని గూడ రాసిన్రు.

టీచరమ్మా, గీ ప్రశ్నలు నాకు కొత్త గావు. ఇస్నాపూర్‌ల చాయ్ హోటల్ కాడ కూసునే బ్రోకర్లు రోజు అడిగేటియే. స్థలం ఏడుంది, ఎప్పటిసంది మీ పేరు మీదుంది, వాటాలున్న పాలోళ్లు ఎవరు, కిరికిరి ఏమన్న ఉందా. నాకు, గోడ అవతల ఉండే మా తమ్ముడు సంగయ్యకు పొలం గట్టు మీద సంగారెడ్డి కోర్టుల కేసు నడుస్తున్నది. చిన్నపోరిని అడ్డం వెట్టుకొని నా ఇంటి ముచ్చట్లు గుంజమని మీకు ఎవరు చెప్పిన్రు? సంగయ్యనా, బ్రోకరా? జవాబు సక్కగ రాకుంటే పోరి టీసీ తీసుకుంట.

ఇట్లు,
కిష్టప్ప

తా.క.: పాత్రలు గూడ అడిగిన్రు. పాత్రలంటే బోళ్లే గద. మా ఇంట్ల ఇత్తడివి రెండే ఉన్నయి. గవి గూడ మీకెందుకు?

*

పటాన్‌చెరు,
మంగళవారం.

పెద్దలు కిష్టప్పగారికి నాగరత్నం నమస్కారాలు.

మీ కవరు ఎవరూ విప్పలేదండి. నాకే విప్పడం కష్టమైంది.

నేను ఎవరి తరఫునా లేను. మా నాన్నగారు కోనసీమ నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు, నేను పుట్టి పెరిగిందంతా పటాన్‌చెరులోనే. సంగయ్యగారిని ఇంతవరకూ చూడలేదు. మీ కేసు సంగతి మీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను.

స్థలమంటే కథ జరిగే చోటండి. అడవి కావచ్చు, బస్టాండు కావచ్చు. పాత్రలంటే కథలో వచ్చే మనుషులు, జంతువులు. ప్లాటంటే కథను అల్లే తీరు. ఆ మాట బదులు వేరేది రాయాల్సింది. ఇటువైపు ప్లాటంటే జనానికి ఇళ్ల జాగా తప్ప ఇంకేదీ గుర్తురాదని తెలిసి కూడా రాశాను, నాదే పొరపాటు.

జూన్‌లో హర్షిణి పేరడిగినా నోరు విప్పేది కాదు. ఇప్పుడు అది కథ చదువుతుంటే పక్క తరగతి పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. వచ్చే వారం శనివారం సంగారెడ్డిలో పిల్లల కథల పోటీ ఉంది, ఎవరి కథ వాళ్లే అల్లి చెప్పాలి. మన బడి నుంచి దాన్నే తీసుకెళ్లాలని నా ఆశ. దయచేసి టీసీ మాట ఎత్తకండి.

ఉంటాను,
నాగరత్నం

తా.క.: ఇత్తడి పాత్రలు మాకు అక్కర్లేదండి. హర్షిణి ఈరోజు రెండూ తీసుకొచ్చింది. తిరిగి పంపుతున్నాను.

*

చిట్కుల్,
గురువారం.

టీచరమ్మకు కిష్టప్ప దండాలు.

గిన్నెలు ముట్టినయి. ఒకదానికి సొట్ట ఉంది. ముందుగాల్ల ఉందో లేదో మాకు యాదికి లేదు, గందుకని ఇప్పటికైతే ఏమంటలేను.

మీ జవాబు చదివి ఊకుందామనుకున్న. నిన్న పొద్దుమీకి పోరి మళ్ల రాసుకుంట కూసున్నది. మొదలు "మా తాత పులి లాంటోడు" అని రాసిందట. మీరు "లాంటోడు" కొట్టేసి, "మా తాత పులి" అని వెట్టి, పక్కన ఎర్ర సిరతోని "శభాష్" అని రాసిన్రు. మనిషిని తీసి జంతువును చేస్తే శభాషా?

గది ఒక్కటే గాదు. "మా తాత అరిస్తే పటాన్‌చెరు దాకా వినవడ్తది" అని ఉంది. దానికి గూడ శభాష్. "మా తాతను చూస్తే గట్టు వణుకుతది" అని ఉంది. దానికి రెండు శభాష్‌లు. సంగయ్య కోర్టుల ఏం రాసి ఇచ్చిండో ఎరుకేనా? నేను వాని మీదికి పులి లెక్క ఉరికినని, బెదిరిచ్చినని రాసిచ్చిండు. ఇప్పుడు నా మనుమరాలు సొంత చేతితోని సాక్ష్యం రాస్తున్నది, మీరు దగ్గరుండి దిద్దుతున్నరు. గిది చదువా, మీరు, సంగయ్య కలిసి చేసిన పన్నాగమా? నాకు మస్తు అనుమానంగున్నది.

సోమవారం వచ్చి టీసీ తీసుకుంట. పోరికి గూడ చెప్పిన.

ఇట్లు,
మనిషే అయిన కిష్టప్ప

తా.క.: నేను అరిస్తే పటాన్‌చెరు దాకా వినవడదు. ఇస్నాపూర్ దాకా వినవడ్తది, గది మాత్రం నిజమే.

*

పటాన్‌చెరు,
శుక్రవారం.

కిష్టప్పగారికి నాగరత్నం నమస్కారాలు.

మిమ్మల్ని జంతువును చేయలేదండి. "పులి లాంటివాడు" అంటే పోలిక, ఉపమ. ఆ "లాంటి" తీసేసి పులే అంటే రూపకం. ఇంకా గట్టిగా చెప్పడమన్నమాట. పటాన్‌చెరు దాకా వినబడటం అతిశయోక్తి. అందం కోసం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడం. గట్టుకు ప్రాణముందన్నట్టు వణికిందని రాయడం ఆ పిల్ల సొంత తెలివి, నేను నేర్పలేదు. వీటిని కోర్టులో ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. తీసుకుంటే ఈ రాష్ట్రంలో కవులందరూ జైల్లో ఉండేవారు.

మీకో సంగతి చెప్పాలి. టీసీ మాట విన్న దగ్గర్నుంచి హర్షిణి మళ్లీ నోరు మూసుకుంది. ఈరోజు చివరి బెంచీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అప్పుడే వెళ్లిపోయేదానిలా. కథ చదవమంటే తల అడ్డంగా ఊపింది. నాకు నిజంగా భయంగా ఉందండి. జూన్ నుంచి ఒక్కో మాటా తవ్వి తీసుకొచ్చాం. ఇప్పుడు పోతే మళ్లీ వస్తాయో రావో తెలియదు. ఆ పోటీ అయ్యేదాకా ఆగండి. తర్వాత మీ ఇష్టం.

ఉంటాను,
నాగరత్నం

తా.క.: దాచడం నా అలవాటు కాదు కాబట్టి చెబుతున్నాను. సంగయ్యగారు కూడా ఈరోజు బడి గేటు దగ్గర ఆయాకి ఉత్తరం ఇచ్చి వెళ్లారు. హర్షిణి మొన్న ఇంట్లో బయటికి చదువుతుంటే గోడ అవతల నుంచి విన్నారట. తన అన్న ఒక్కడే పులి ఎలా అవుతాడని అడిగారు.

*

చిట్కుల్,
ఆదివారం.

టీచరమ్మకు కిష్టప్ప రాసేది.

నేను అనుకున్నదే అయింది. సంగయ్యను చూడనే లేదన్నరు, ఇప్పుడు ఇద్దరి నడుమ ఉత్తరాలు నడుస్తున్నయి. పులి కానీకి వాడు మీకు ఏం చెప్పుకున్నడో, మీరు ఏం మాటిచ్చిన్రో పైవానికే తెల్వాలె. మా పోరి కథల ఇప్పుడు రెండు పులులు ఉన్నయి. దీని వెనుక ఎవరున్నరో చెప్పనక్కర్లేదు.

అయినా పోరిని శనివారం పంపుతున్న. మీ మీద నమ్మకంతోని కాదు. శుక్రవారంసంది అది సక్కగ తింటలేదు, పెరుగు గిన్నె అట్లనే ఉంటున్నది. "పోతవా బిడ్డా" అని అడిగితే తలకాయ ఊపింది, నోటితోని మాట రాలే. అందుకోసమే. టీసీ సంగతి పోటీ అయినంక మాట్లాడుదం.

బస్సుల కిటికీ కాడ కూసోవెట్టుండ్రి. దానికి వాంతులు.

ఇట్లు,
కిష్టప్ప

తా.క.: నేనైతే రాను. శనివారం సంగారెడ్డిల నాకు అసలు పనే లేదు. అక్కడ నన్ను చూసినమని ఎవరన్న అంటే గది అతిశయోక్తి అని రాసుకోండ్రి.

*

పటాన్‌చెరు,
శనివారం.

కిష్టప్పగారికి నాగరత్నం నమస్కారాలు.

హర్షిణికి బహుమతి రాలేదండి.

మీరు పంపుతానన్నాక మెల్లగా మళ్లీ నోరు విప్పింది, స్టేజీ ఎక్కి భయం లేకుండా చెప్పింది. "ఒక ఊర్ల రెండు పులులు. ఒక పులి పేరు కిష్టప్ప, ఇంకో పులి పేరు సంగయ్య. నడుమ ఒక గట్టు. గట్టు మీద గడ్డి. పులులు గడ్డి తినవు. అయినా గడ్డి కోసం కొట్లాడుతయి." అంతలో ఆపేసింది. జడ్జి సారు "ముగింపు ఏదమ్మా?" అని అడిగారు. "సంగారెడ్డి కోర్టుల ఉన్నది సార్, వాయిదా పడ్డది" అంది. అందరూ నవ్వారు. ముగింపు లేని కథకు బహుమతి ఇవ్వడం కుదరదన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే అడిగాను, ముగింపు సొంతంగా అల్లొచ్చు కదా అని. "అల్లిన టీచర్. ఒక పులి గెలిస్తే ఇంకో పులి ఏడుస్తది. ఎవరిని ఏడిపియ్యాలెనో తెల్వలే" అంది.

తప్పంతా నాది. మీరు ముందునుంచీ వద్దంటున్నా పంపించమన్నాను. టీసీ కావాలంటే సోమవారం రండి, ఆపను.

ఉంటాను,
నాగరత్నం

తా.క.: వెనక వరుసలో ఇద్దరు పెద్దమనుషులు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని కూర్చున్నారు. ఒకరు చప్పట్లు కొడితే రెండోవారు ఇంకా గట్టిగా కొట్టారు. మీకు తెలిసినవాళ్లేనా?

*

చిట్కుల్,
మంగళవారం.

నాగరత్నం టీచరమ్మకు కిష్టప్ప, సంగయ్య ఇద్దరు దండాలు వెట్టి రాసేది. చేతిరాత నాది. నేనేమన్న ఎక్కువ తక్కువ రాస్తనేమోనని వాడు పక్కనే కూసొని చూస్తుండు.

తువ్వాల చుట్టుకున్నది నేనే. రెండోడు సంగయ్య. మిమ్మల్ని, వాణ్ని కలిపి పట్టుకుందామని నేను వచ్చిన. మిమ్మల్ని, నన్ను కలిపి పట్టుకుందామని వాడు వచ్చిండు. పక్కపక్క కుర్చీలు దొరికినయి. కోర్టుల గూడ మేము గంత దగ్గర కూసోలే.

పోరి "పులులు గడ్డి తినవు" అన్నప్పుడు నాకు చెమట వట్టింది. అందరు నవ్వుతుంటే మేమిద్దరమే నవ్వలే. సిగ్గయింది టీచరమ్మా. ఇంటికొచ్చినంక మీ ఉత్తరం చదివిన. మా ఇద్దరిల ఎవరిని ఏడిపియ్యాలెనో తెల్వక పోరి కథనే ఇడిచిపెట్టింది అన్నకాడ నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఉత్తరం గోడ మీదినుంచి సంగయ్యకు ఇచ్చిన. వాడు రెండుసార్లు చదివిండు. "అన్నా, పోరిని ఓడగొట్టింది మనమే" అన్నడు. వాడు నన్ను "అన్నా" అని పిలవక ఎన్నో ఏండ్లయింది.

వచ్చే వాయిదాకు రాజీ అని చెప్తం. గట్టు ఇద్దరిది. గడ్డి ఒకరోజు వాని బర్రెకు, ఒకరోజు నా బర్రెకు. టీసీ అక్కర్లేదు. ముగింపు దొరికింది కాబట్టి పోరిని మళ్ల ఏడన్న పోటీకి తీస్కపోండ్రి.

ఒక్క కిరికిరి మాత్రం అయింది. కథల ముందుగాల నా పేరే ఎందుకు రావాలె అని సంగయ్య లేసిండు. పెద్దోణ్ని గాబట్టి అని నేను లేసిన. రాజీ కాయిదం చింపేదాక పోయింది. హర్షిణి వచ్చి ఇద్దరి పేర్లు పెన్సిల్‌తోని కొట్టేసింది. పులులు వద్దు, పేర్లు వద్దు, "ఒక ఊర్ల ఇద్దరు అన్నదమ్ములు" అని మొదలువెడ్త అన్నది. ఇద్దరం ఒప్పుకున్నం.

ఇట్లు,
కిష్టప్ప
సంగయ్య (ఇది నేనే వెట్టిన సంతకం, అన్న వెట్టలే)

తా.క.: సంగయ్య బర్రెకు నీళ్లు వెట్టనీకి పోయిండు, జల్దీ రాస్తున్న. "అన్నదమ్ములు" అన్న మాటల గూడ ముందున్నది అన్ననే. వానికి ఇంక తట్టలే. మీరు క్లాసుల గా మాటను ఇడదీసి చెప్పకుండ్రి, కనీసం కోర్టుల సంతకాలు అయ్యేదాక.