తలుపు పక్క పగులు

మా గువ్వకు,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోటి జోరు మాత్రం తగ్గలేదు. నీ కొత్త గదిలో కిటికీ మూసుకోవడం లేదన్నావు. బందుల్లో కాస్త నూనె వెయ్యి, బలవంతంగా లాగకు.

పోయిన ఉత్తరంలో అడిగావు: "నాన్నా, నేను నడిపే విమానం నాకంటే ఏడేళ్లు పెద్దది. సరుకు కంపెనీలు ఇంత పాతవాటినే ఎందుకు పట్టుకుని వేలాడతాయి?" ముప్ఫై ఏళ్లుగా వాటి కడుపులో దూరి మరమ్మతులు చేస్తున్నవాణ్ణి, చెబుతాను విను. ప్రయాణికులతో ఇరవై ఏళ్లు తిరిగాక సీట్లు పీకేసి, పక్కన పెద్ద తలుపు కోసి సరుకుకు మారుస్తారు. కొత్తదాని ధరలో చిన్న వంతుకే వచ్చేస్తుంది. కొత్తది కొంటే రోజంతా ఎగరాలి, లేకపోతే దాని ఖరీదు తీరదు. సరుకు విమానం నాలుగైదు గంటలు ఎగిరి మిగతా రోజంతా నిలబడే ఉంటుంది. కాబట్టి ఇంధనం ఎక్కువ తాగినా పాతదే గిట్టుబాటు. పైగా కొత్తవాటికి చెప్పి పెట్టినా చేతికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. శ్రద్ధగా చూసుకుంటే పాతదీ మోసం చెయ్యదు.

ఈ చివరి మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

ఆరు నెలల కిందట నీ విమానమే మా షెడ్డుకు వచ్చింది. సరుకు తలుపు పక్కన లోపలి రేకు విప్పి, టార్చి వేసి చట్రాన్ని చూడాలి. బయట వాన. సరుకు బండ్లు బారులు తీరాయి. మేనేజరు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. నేను రేకు విప్పలేదు. "చూశాను" అని రాసి సంతకం పెట్టేశాను.

మొన్న మంగళవారం అది మళ్లీ వచ్చింది. ఈసారి విప్పాను. బెత్తెడు పగులు. అంచులు నల్లబడి ఉన్నాయి, అంటే నిన్నమొన్నటిది కాదు. నిచ్చెన దిగి విమానం రికార్డు పుస్తకం తీసి చూశాను. ఈ ఆరు నెలల్లో నువ్వు దాన్ని పదకొండుసార్లు నడిపావు.

పై అధికారి వచ్చి చూశాడు. "కిందటిసారి దీన్ని చూసిందెవరు?"

"నేనే సార్. చూడలేదు. చూశానని సంతకం పెట్టాను."

ఆయన పగులు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత మెల్లగా, "ఇది మీ అమ్మాయి నడిపేది కదయ్యా" అన్నాడు.

విమానాన్ని ఆపేశారు. నా లైసెన్సు తీసేసుకున్నారు. విచారణ ఉంటుంది, దానికి భయం లేదు. ఈ ఆరు నెలల్లో నేను సంతకం పెట్టిన మిగతా నాలుగు విమానాలనూ విప్పి చూడమని రాసిచ్చాను. రెండు బాగున్నాయట. తక్కిన రెండూ చూసేదాకా కదపరు. అయినా పైన విమానం మోత వినపడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి వాకిట్లోకి వెళ్లి చూస్తున్నాను.

ఫోనులో చెప్పాలని మూడుసార్లు చూశాను. నువ్వు "నాన్నా" అనగానే అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. అమ్మకు ఇంకా తెలియదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి చెబుతాను.

కోప్పడు, మాట్లాడటం మానెయ్యి, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెయ్యి తల్లీ. ఎక్కేముందు, సంతకం పెట్టినవాణ్ణి పిలిపించి, "స్వయంగా చూశారా?" అని అడుగు. ఆ రోజు నువ్వు ఎదురుగా నిలబడి అడిగి ఉంటే, నా నోట అబద్ధం వచ్చేది కాదు.

ఇట్లు,
నీ ముందుకు రావడానికి జంకుతున్న
నీ నాన్న