తెగిన సన్నతీగ

అల్ ఖోబర్, 2006

సరస్వతీ సమానురాలైన ఫిడేలు టీచరు అక్కకు, నీ శిష్యాధముడైన తమ్ముడు విన్నవించునది.

మా కాంపౌండులో ఒక అమెరికన్ దొర పిల్లల చేత తమ పల్లెల పాతకాలపు ఫిడేలు పాటలు వాయింపిస్తాడు. నర్సు రత్నమణిగారి కూతురు షాలిని ఫిడేలు నా దివ్యకర్ణాలకు అపశ్రుతిగా తోచింది. నువ్వు నేర్పినట్టు స-ప-స-ప కి మార్చేశాను. తీరా అది ఆ పాట కోసం దొర కావాలనే పెట్టిన శ్రుతట. నేనే మళ్లీ దానికి బిగిస్తుంటే సన్నతీగ తెగింది. పాటంతా దాని మీదే. దొర దగ్గర ఇంకొకటి లేదు. రేపే కచేరీ, ఎల్లుండి తల్లీకూతుళ్లు ఇక్కడి కొలువు ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద కాకినాడ వెళ్లిపోతారు. తీగలు దొరికేది సముద్రం మీది వంతెన అవతల బహ్రెయిన్‌లో, నా పాస్‌పోర్టు ఉన్నది నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ బీరువాలో.

షాలిని ఏడవలేదక్కా. "పర్లేదంకుల్, ఉత్తినే కమాను ఊపేస్తాను. అమ్మ వెనకాల కూర్చుంటాది, తెలీదు" అంది.

ఇందాకే రత్నమణిగారు వచ్చి, ముందు వరుసలో తనకో కుర్చీ ఉంచమని నన్నే అడిగారు. సరేనన్నాను.

ఇట్లు,
శ్రుతి సరిచేసిన నీ తమ్ముడు