తుంగభద్రలో సముద్రపు ఎండ్రకాయలు

1936 మార్చి 3, కర్నూలు

బందరు నుంచి నిన్న దిగాను. రేకు తొట్టిలో ఉప్పుబురద, అందులో ఎండ్రకాయలు. దారంతా ఒళ్లో పెట్టుకొని తెచ్చాను, పంచె పాడయింది. అమ్మ గడపలోనే ఆపింది. "నీసు ముట్టని ఇంట్లోకి ఇవి తెస్తావా? ఎవురన్నా జూస్తే..." చివరికి పెరట్లో చోటిచ్చింది. నాన్న తల తిప్పి చూడలేదు. అంగట్లో కూర్చోవలసిన కొడుకు ఎండ్రకాయల చదువు చదివాడని ఆయన బాధ.

మార్చి 5

మగదానికి ఒక చెయ్యి ఒంటికంటే పెద్దది, నారింజ రంగు. రెండోది పుల్లంత. తినేది ఆ పుల్లచేత్తోనే — బురద ఎత్తుతుంది, సారం తీసుకుంటుంది, మిగిలింది ఉండచేసి వదిలేస్తుంది. పెద్దచెయ్యి ఆడదాన్ని పిలవడానికి, పక్కవాణ్ణి బెదిరించడానికి. ఆడదానికి రెండూ చిన్నవే. కళ్లు కాడల మీద. నా నీడ కదిలితే చాలు, అన్నీ బొరియల్లోకి.

మార్చి 8

"ఉప్పంతా దాండ్లకే పోస్తాండావు గదరా" — అమ్మ. మళ్లీ తనే దోసెడు తెచ్చిచ్చింది.

మార్చి 13

నమ్మలేకున్నాను. బందరులో సముద్రం పోటెత్తే వేళకు ఇక్కడ బొరియ మూతికి బురద పెట్టుకొని లోపల కూర్చుంటున్నాయి. పోటు రోజూ కొంత ఆలస్యం — ఇవీ అంతే. సముద్రం ఎక్కడ, ఈ కర్నూలు ఎండ ఎక్కడ! నెలాఖరుకు మా ప్రొఫెసరు గారు ఇంగ్లాండుకు ఓడెక్కుతారు. ఆలోపు మద్రాసు తీసుకుపోయి చూపిస్తే, పోయేముందే కాలేజీలో నాకు ఉద్యోగం వేయించి పోతారు.

మార్చి 14

నాన్న మొదటిసారి తొట్టి దగ్గర కూర్చున్నాడు. ఒకటి పెద్దచెయ్యి ఎత్తి ఊపింది. "ఏమప్పా, దండం పెడతాండాదే!" నవ్వాడు. నా పని చూసి నాన్న నవ్వడం...

మార్చి 17

కల్లూరు పోయి వచ్చేసరికి తొట్టి ఖాళీ. కడిగి బోర్లించి ఉంది.

"యాడ నాన్నా అవి?"

"ఏట్లో వదిలినా. పాపం, చెయ్యెత్తి మొక్కుతాండాయి. పుణ్యం గదరా. మడుగులో నీళ్లు శానా ఉండాయిలే, బతుకుతాయి."

"అవి ఉప్పునీళ్లవి నాన్నా..."

ఆయన ముఖం పాలిపోయింది. కోపంతో చేసి ఉంటే తిట్టి ఉండేవాణ్ణి.

మార్చి 18

ఏటి ఒడ్డంతా వెతికాను. రాతి సందులో ఒకటి దొరికింది. కదలడం లేదు. ఇంకోదాన్ని కాకి ఎత్తుకుపోయింది.

మార్చి 20

"మళ్లా బందరు పోయి తెచ్చుకోరా, నేనే పంపిస్తా" అంటున్నాడు నాన్న. పోయి, తెచ్చి, పోటుపాట్లు చూసేసరికి ప్రొఫెసరు గారు ఓడలో ఉంటారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇవాళ అంగట్లో కూర్చున్నాను. ఆయనకు అదీ సంతోషం కాలేదు.

మార్చి 22

"మీ నాయన నిన్నట్నుంచి తిన్లేదు. నువ్వు పిలిస్తే వస్తాడు" అంది అమ్మ.

పిలవలేదు. అరుగు మీద ఇంకా కూర్చునే ఉన్నాడు...