ఎడమ వైపు తలుపు

అక్కకి,

మీ అత్తగారి ఊరి నుంచి నువ్వు రాసిన ఉత్తరం చేరింది. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, మేడ మెట్లు ఎక్కుతోంది. నేను బాగున్నాను. అందరం క్షేమం అని మాత్రం రాయలేను. ఆస్పత్రి నర్సమ్మ కుడి మణికట్టు విరిగింది. నువ్వు నాలుగు పేజీలు రాశావు. ఆవిడ చెయ్యి ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు.

ఫోన్ ఎందుకు తీయడం లేదన్నావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. ఊ కొడితే ఒప్పుకున్నట్టే అనుకుంటావు. అందుకే రాస్తున్నాను.

"మీ బావ చెప్పిందే విన్నాను, నువ్వేమీ చెప్పలేదు" అన్నావు. ఇప్పుడు విను.

నా చేత సైకిల్ మానిపించి కారు నేర్పించమని బావని పోరింది నువ్వే. ఆ రోజు నేను స్టీరింగు ముందు, బావ ఎడమ సీట్లో. మందుల షాపు ముందు ఇంజన్ ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా అందుకోలేదు. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"దిగు దిగు, పుస్తకాల పురుగా! నీకు పేజీలు తిప్పడమే వచ్చు" అని నవ్వుతూ బావ తన వైపు తలుపు ఒక్క తోపు తోశారు.

కారుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సైకిల్ పట్టేంత సందు. ఆ సందులోనే నర్సమ్మ సైకిల్ మీద డ్యూటీకి వెళ్తోంది.

డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళకి వేరే అద్దం ఉంటుంది కదా, వెనక రోడ్డు కనబడడానికి. బావ దాన్ని నా ముఖం వైపు తిప్పి పెట్టుకున్నారు. నేను అద్దాలు చూస్తున్నానో లేదో కనిపెట్టడానికట! "అద్దం చూడు, అద్దం చూడు" అని దారి పొడుగునా నన్ను వాయించిన మనిషి, తలుపు తీసేటప్పుడు మెడ తిప్పలేదు.

తలుపు అంచు సైకిల్ హ్యాండిల్‌కి తగిలింది. ఆవిడ ఫుట్‌పాత్ రాయి మీద చెయ్యి ఆనించి పడింది. బావ దిగి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"గంట కొట్టాలి కదమ్మా!"

"ఆగి ఉన్న కారుకి గంటేమిటండీ?" అంది ఆవిడ, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. "తలుపు తీసేవాళ్ళు చూసుకోవద్దూ?"

"మెల్లగా రావాలి."

"ఇంతకన్నా మెల్లగా అంటే దిగి నడవాలి బాబూ."

మందుల షాపాయన మెట్టు మీద నుంచే తీర్పు చెప్పేశాడు. "ఈ సైకిళ్ళవాళ్ళింతేనండీ, సందు దొరికితే దూరిపోతారు." నేను స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను.

సాయంత్రం బావ మనింటికి వచ్చారు. "నా డ్రైవింగ్ స్కూలు లైసెన్సు పోతుంది అత్తయ్యా. తలుపు ముందే తీసి ఉందనీ, ఆవిడే వచ్చి గుద్దుకుందనీ మరదలు చెబితే చాలు."

"చెబుతుంది బాబూ, దానిదేముంది" అంది అమ్మ.

"చెప్పక్కర్లేదు కూడా. తల ఊపితే చాలు. అది ఎలాగూ మాట్లాడదు కదా!" ఇద్దరూ నవ్వుకున్నారు. నేను అక్కడే, అదే గదిలో ఉన్నాను. నా మౌనం మీ అందరికీ ఇంతగా పనికొస్తుందని నాకప్పటిదాకా తెలియదు. కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని నెమ్మదిగా మాట్లాడమన్నారు, అబద్ధానికి తల ఊపమనలేదు.

నీ ఉత్తరమూ అదే పాట. "సైకిళ్ళవాళ్ళకి కళ్ళెక్కడుంటాయి?" అని రాశావు. అక్కా, నేను లైబ్రరీలో పనికి రోజూ ఆ రోడ్డు మీదే సైకిల్ తొక్కుతాను. ఆగి ఉన్న కార్లకి బారెడు దూరంగా తొక్కితే వెనక బస్సువాడు హారన్‌తో తరుముతాడు. పక్కకి జరిగితే ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు. నన్నెక్కడ తొక్కమంటావు, గోడ మీదా?

ఇక నీకు చెప్పాల్సిన అసలు సంగతి. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. మధ్యాహ్నం స్టేషన్‌కి పిలిచారు. నర్సమ్మ కట్టు కట్టిన చేత్తో బెంచీ మీద కూర్చుని ఉంది. రాసిస్తానండీ అన్నాను. "నోటితో చెప్పమ్మా, ఆవిడ కూడా వినాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావ అందుకున్నారు. "మా మరదలు భయస్తురాలు సార్. నేను చెబుతాను, అది అవునంటుంది."

"తలుపు మా బావ తీశారు," అన్నాను. "వెనక్కి చూడలేదు. ఆవిడ తప్పు ఏమీ లేదు."

అరిచినట్టున్నాను. వరండాలో వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూశారు.

బావ ముఖం ఎర్రబడింది. "ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదేం మరి?"

"ఇంట్లో నన్నెవరు అడిగారు బావా?"

విచారణ తేలేదాకా స్కూలు మూసెయ్యమన్నారు. బోర్డు ఈ రోజు దించారు. బావ నాతో మాట్లాడడం లేదు. అమ్మ నా కంచం పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళిపోతోంది. నీ సంసారానికి ఆధారమైన పనిని ఆపించింది నేనే. నీకు కోపం రావడం న్యాయమే. ఎంత తిట్టినా పడతాను. కానీ క్షమించమని అడగను.

ఎందుకంటే నాకూ నీ మీద కోపంగా ఉంది. నువ్వు రాసిన నాలుగు పేజీల్లోనూ నీ చెల్లెలు కారులోనే కూర్చుని ఉంది. ఒక్కసారి దాన్ని సైకిల్ మీద కూర్చోబెట్టి చూడు. రేపు ఎవరో తలుపు తోస్తారు, నేను పడతాను. ఆ కారులో ఇంకెవరి చెల్లెలో కూర్చుని అంతా చూస్తుంది. ఆ రాత్రి వాళ్ళక్క దానికి ఏమని ఉత్తరం రాయాలి?

ముందు దీనికి జవాబు రాయి. తిట్లు తరవాత.

ఇట్లు,
రేపు కూడా సైకిల్ మీదే పనికి వెళ్ళే
నీ చెల్లెలు