మిషనుకు కప్పిన గొంగడి

సిద్దిపేట

మా పెద్దక్క పోచమ్మ పాదాలకు తమ్ముడు మల్లయ్య మొక్కి రాసేది.

అక్కా, నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావకు దగ్గు నెమ్మదించిందా? ఎర్రబర్రె ఈనిందా? మా గురించి రంది పెట్టుకోకు. పాప బాగుంది, స్వరూప బాగుంది, నీ మరదలు యాదవ్వ బాగుంది, నేనూ బాగున్నాను. ముందే ఇంత గట్టిగా చెప్తున్నది ఎందుకంటే, కింద రాసింది వింటుంటే నీ గుండె జారకూడదని. ఫోనులో నీకు వినపడదు, సగం విని మిగతా సగానికి ఏడుస్తావు. కోడలు రజితా, నెమ్మదిగా చదివి వినిపించు బిడ్డా. పాప బాగుంది అన్న మాట రెండుసార్లు చదువు.

అక్కా, ఆ పాప ఎంత ముద్దుగా ఉందో ఎట్లా రాయను! పెండ్లయిన ఇన్నేండ్లకు నా బిడ్డ కడుపు పండింది. ముక్కు అచ్చం మన అవ్వ ముక్కే. ఆవులిస్తే ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తాను. "ఆవులింతకు గూడ ఊరంత పిలుస్తవా?" అని యాదవ్వ తిడుతుంది. తిట్టనీ. నాకు రోజూ పండుగే.

పురుడు మన కోహెడలోనే చేయాలని నీకూ ఉంది, నాకూ ఉంది. కానీ నెలలు నిండకముందే పుట్టింది కదా. దవాఖానకు దగ్గరలోనే ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే జీవాలు అమ్ముకొని, ఇంటికి తాళం వేసి, మేమే బిడ్డ ఇంటికి వచ్చాం. నాకు ఇక్కడ పని లేదు. పొద్దున్నే పాల ప్యాకెట్లు తేవడం, గుడ్డలు ఆరేయడం, అంతే. గొర్ల అరుపు లేక చెవులు బోసిపోయాయి. ఇక్కడ నన్ను మల్లన్నా అని పిలిచేవాళ్లు లేరు, స్వరూప వాళ్ల బాపు అంటారు. ఆ పిలుపూ బాగానే ఉంది. అన్నం వేళకు అన్నం ఉంది, పచ్చిపులుసు ఉంది, మాకు ఏ లోటూ లేదు.

ఎండలు మాత్రం నిప్పులే అక్కా. పాప ఉండే గది మరీ చల్లగా ఉండొద్దు, మరీ ఉడకొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. అందుకని అల్లుడు రవీందర్ పోయిన ఏడు కొన్న ఏసీని ఆ గదిలోకి మార్పించాడు. దాని సగం మిషను లోపల గోడకు ఉంటుంది, సగం బయట సజ్జ మీద ఉంటుంది. బయటి మిషను మీద పొద్దుందాకా ఎండే. దాని మీద చెయ్యి పెడితే కాలింది. పాపకు చల్లగాలి ఇచ్చేది ఇట్లా మాడుతుంటే నాకు పాణం ఒప్పలేదు. మన బాపు గొంగడి తెచ్చి దాని మీద కప్పి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా తాడు కట్టాను. ఎండకైనా వానకైనా చలికైనా గొంగడే కదా మనకు! బలం లేని గొర్రెపిల్లను గొంగడిలో చుట్టి ఎన్నిటిని బతికించలేదు మనం? ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పని అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం లోపలి నుంచి వేడిగాలి మొదలైంది. ఇంకొంచెం సేపటికి చప్పుడే లేదు. గది పొయ్యిలా అయింది. పాప ముఖం ఎర్రబడింది. రొమ్ము అందిస్తే తాగకుండా తల తిప్పుకుంది. స్వరూప ఏడ్చింది. మేము కిటికీలకు తడిచీరలు కట్టాం, విసనకర్రతో విసిరాం.  దవాఖానకు ఫోను చేస్తే, పాపను వెంటనే చల్లటి జాగకు మార్చి, సాయంత్రానికీ పాలు తాగకపోతే తీసుకురమ్మన్నారు. పక్కింటివాళ్లు మంచోళ్లు, వాళ్ల కూలరు గదిలో తల్లీబిడ్డలకు జాగ ఇచ్చారు. కానీ పరాయి ఇంట్లో పచ్చి బాలింతను ఎన్నాళ్లని పెడతాం?

రవీందర్ ఫోను చేస్తే ఒక మెకానిక్ వచ్చాడు. లోపలి మిషను మూత తీశాడు, చెయ్యి పెట్టాడు, పెదవి విరిచాడు.

"కంప్రెసర్ పోయింది బాపూ. గ్యాస్ గూడ నింపాలె. పద్దెనిమిది వేలయితయ్."

"కంప్రెసరంటే ఏంది బిడ్డా?"

"మిషన్‌కు గుండె అసొంటిది."

గుండె పోయింది అనే మాట వినగానే నా గుండె ఆగినంత పనైంది. పాప పాలు తాగలేదు, మిషనుకు గుండె లేదు. ఏ చెడుదృష్టి పడిందో అనుకున్నాను. పైసలు పోతే పోనీ, వెంటనే చెయ్యమని నేనే అన్నాను. రవీందర్ అడ్వాన్సు ఇవ్వబోయాడు. అప్పుడు యాదవ్వ అడ్డం వచ్చి ముందు నన్నే అడిగింది.

"గొర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూడకుండ తెచ్చినవా ఎన్నడన్న? గీయన మిషన్‌ను సగమే చూసిండు. బయటి సగం ఏడుందని గూడ అడగలే. ఇంకో మనిషికి చూపియ్యి అల్లుడా."

నేను కోపానికి వచ్చాను. "పిల్ల పాణం మీదికొస్తుంటే బేరాలేంది?" అన్నాను.

"పాణం మీదికొచ్చినప్పుడే కండ్లు తెరిచి చూడాలె" అంది.

ఆ సాయంత్రమే రవీందర్ ఇంకొకతన్ని తెచ్చాడు, అంజద్ అని. ఆయన వస్తూనే "బయటి మిషన్ ఏడుంది?" అన్నాడు. సజ్జ మీదికి ఎక్కి గట్టిగా నవ్వాడు.

"గిదేంది? మిషన్‌కు చలి పెడ్తుందా? గొంగడి కప్పిన్రు!"

అందరూ నా వైపు తిరిగారు అక్కా. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. "మా ఆయినే కప్పిండు. మందను చూసుకున్నట్టు చూసుకుంటడు" అని యాదవ్వ చెప్పింది.

"పెద్దాయనా, ఇది గదిల వేడిని గుంజి బయటికి ఊదుతది. నువ్వు దాని ముక్కు మూసినవ్. ఊపిరాడక పడిపోయింది" అన్నాడు.

"సచ్చిందా?" అని అడిగాను. పాప గురించి అడిగినట్టే అడిగాను.

"చూస్త ఆగు."

ఆయన గొంగడి తీసేసి, మూత విప్పి చిన్న డబ్బీ లాంటి సామాను బయటికి తీశాడు. కెపాసిటర్ అంటారట, మిషను కదలడానికి తొలి ఊపు అదే ఇస్తుందట. వేడికి ఉబ్బిపోయింది. కొత్తది పెట్టి స్విచ్చి వేయమన్నాడు. వేశారు. చప్పుడు లేదు. నేను మన మల్లన్న దేవునికి మొక్కాను, దర్గాకు మొక్కాను. అప్పుడు గుర్రుమని కదిలింది. అంజద్ మీటరు పెట్టి ముల్లు చూపించాడు, గ్యాసు నిండుగానే ఉంది. సామానుకు, కూలికి కలిపి పన్నెండు వందలే తీసుకున్నాడు. గది చల్లబడ్డాక పాపను తెచ్చాం. తల్లి దగ్గర పడుకోబెట్టగానే చప్పరించి తాగింది. నేను బయటికి వచ్చి తువ్వాల అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

మన శ్రీశైలం కూడా ఏసీ పెట్టిస్తున్నాడని విన్నాను. రజితా, ఈ మాటలు నీ పెనిమిటికి గట్టిగా చదువు. ఏ మెకానిక్ వచ్చినా, వచ్చినందుకు ఎంత, పనికి ఎంత అని ముందే అడగాలి. గ్యాసు అయిపోయింది అంటే ఎక్కడ కారిందో చూపించమనాలి. వంట గ్యాసులా అది వాడుకుంటే తరిగేది కాదట, కారితేనే పోతుందట. ఆ కంత మూయకుండా నింపితే పైసలు గాలికే. మార్చిన పాత సామాను మన చేతిలో పెట్టమనాలి. కొన్నప్పుడు ఇచ్చిన గ్యారంటీ కాయితం పారేయొద్దు. రవీందర్ దాన్ని బీరువాలో వెతికి చూస్తే కంప్రెసర్‌కు ఇంకా గ్యారంటీ ఉందట. నిజంగా పోయినా కంపెనీవాళ్లే కొత్తది వేసేవాళ్లు. ఆ భయంలో ఆ కాయితం ఎవరికి యాదికి ఉంది? లోపలి మిషనులో దుమ్ము పట్టే జాలీ అప్పుడప్పుడు కడగాలి, ఎండలు ముదరకముందే సర్వీసింగు చేయించాలి. బయటి మిషనుకు నీడ కావాలంటే పైన దూరంగా రేకు వేయించుకోవాలి కానీ దాని ఒంటి మీద ఏదీ కప్పొద్దు. ఇది నా నోటితో నేనే చెప్తున్నాను.

అయినా భయం పోలేదు అక్కా. గది చల్లబడ్డాక ఆ మిషను తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవుతుంది. అది దాని తీరే అని అంజద్ చెప్పాడు. అయినా ఆగినప్పుడల్లా నాకు ఒళ్లు చెమటలు పడతాయి. నిన్న మధ్యాహ్నం పాప నా ఒళ్లో ఉంది. చల్లగా ఉందని గొంగడి భుజాల మీద వేసుకున్నాను. టక్కున చప్పుడు ఆగింది.  కదలకుండా చెవి ఒగ్గాను. అప్పుడు వినిపించింది, ఇన్ని రోజులూ ఆ చప్పుడులో నాకు వినపడనిది, పాప ఊపిరి. మంద అంతా పడుకున్నాక కొత్త గొర్రెపిల్ల ఒక్కటే ముక్కుతో సన్నగా తీసినట్టు. మిషను మళ్లీ మొదలయ్యేదాకా అట్లే విన్నాను.

తొట్టెలకు నువ్వు రావాలి. స్వరూపకు మేనత్తవు, పాపను తొట్టెలలో వేసే చెయ్యి నీదే కావాలి. బాలింత స్నానానికి వావిలాకు తెచ్చిపెట్టు. మా ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా, దండెం మీద ఉన్న రెండో గొంగడి కూడా తీసుకురా. ఆ గదిలో యాదవ్వకు కూడా చలి పెడుతోంది.

బావకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు, పిల్లలకు దీవెనలు. నా మనవరాలి నెత్తిన నీ దీవెన ఉంచు.

పాప బాగుంది అక్కా.

నీ తమ్ముడు,
మల్లయ్య