బాపు విసిరిన జొన్నపిండి

అమ్మా,

నువ్వు పోయాక మొదటి ప్రయాణం, అదీ విమానంలో, ఢిల్లీకి ఇంటర్వ్యూకు. ట్రేలో బ్రెడ్డు, పూరీలు తెచ్చారు. గోధుమ పడదని చెప్పి జొన్నరొట్టెల మూట విప్పాను.

జహీరాబాద్ పిండిగిర్నీలో జొన్నపిండికి గోధుమపిండి అంటుతుందని నువ్వు ఇంట్లోనే విసుర్రాయితో విసిరేదానివి. ఈసారి బాపు విసిరారు.

"గిర్నీకి పోలే బిడ్డా, ఫికర్ చెయ్యకు. మీ అమ్మ విసుర్రాయే," అన్నారు, బొబ్బలెక్కిన అరచేతులు వెనక్కి పెట్టుకుని.

రొట్టెలు మందంగా, అంచులు మాడి ఉన్నాయి. పక్కసీటు పెద్దావిడ నవ్వింది. "గింత మందమా! ఎవరు చేసిన్రమ్మా?"

"మా బాపు."



నువ్వెప్పుడూ దారికని ఒక రొట్టె ఎక్కువ పెట్టేదానివి. ఆయనా పెట్టారు. మిగతావన్నీ తిన్నాను. ఆ ఒక్కటి తినలేకపోయాను.